డ్రై ఐస్‌తో ఒక శనివారం

అమెరికాలో మేముండే అరోరాలో మంచు బాగా కురిసిన ఒక శనివారం పొద్దున అత్తయ్యను గుడికి తీసుకెళ్తున్నాను. దారిలో ఫోన్ మోగింది. మా లాబ్‌లోని డీప్ ఫ్రీజర్ పాడై, లోపల చల్లదనం తగ్గిపోతోందని హెచ్చరిక.

కణం రెండుగా విడిపోయేటప్పుడు దానిలోని ఆర్‌ఎన్‌ఏ ఎలా మారుతుందన్నది నా పరిశోధన. విభజనలో ఒక్కో దశలో ఉన్న కణాలను వేరుచేసి, గడ్డకట్టించి ఆ ఫ్రీజర్‌లోనే దాచాను. అవి కరిగితే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. డీఎన్‌ఏ అంత గట్టిది కాదది.

"అత్తయ్యా, గుడికి తర్వాత వెళ్దామా? లాబ్‌లో ఫ్రీజర్ పోయింది."

"పదమ్మా, ముందు అక్కడికే పోదాం."

మావారు ఆఫీసు పనిమీద వేరే ఊళ్లో ఉన్నారు. అత్తయ్య ఇండియా నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. వంట, వాతావరణం తప్ప మా మధ్య వేరే మాటలు పెద్దగా ఉండేవి కావు.

దారిలో గ్రోసరీ స్టోర్‌లో దొరికినంత డ్రై ఐస్ కొని, వెనక సీట్లో పెట్టి, కారు అద్దాలు దించాను.

"ఇంత చలిలో అద్దాలెందుకమ్మా?"

"ఇది నీళ్ల ఐస్ కాదత్తయ్యా, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. కరగకుండా నేరుగా గ్యాసైపోతుంది. అద్దాలు మూస్తే మనకి ఊపిరాడదు."

ఆమె శాలువా తలమీదికి లాక్కుని, ఆ మంచుగాలికి కళ్లు మూసుకుని కూర్చున్నారు.

లాబ్‌కి మా బాస్ అప్పటికే వచ్చేసింది. ఆమె అమెరికన్, అత్తయ్య ఈడుది. ఇద్దరం మందపాటి గ్లవ్స్ వేసుకుని పెట్టెలన్నీ డ్రై ఐస్‌లోకి మార్చాం. కింది అరల్లోవి గట్టిగానే ఉన్నాయి. పై అరలోని ట్యూబ్ ఎత్తి చూస్తే లోపల నీళ్లలా కదిలింది. సరిగ్గా విభజన మధ్యలో పట్టుకున్న కణాలవి. అన్నిటికన్నా కష్టపడి పోగుచేసినవి. నాకు ఏడుపొచ్చేసింది.

"మళ్లీ చేయడానికి వీలవుతుందా?" గుమ్మం దగ్గర నుంచి అత్తయ్య మెల్లగా అడిగారు.

"అవుతుంది. ఆ రకం కణాలు వేరేచోట బతికే ఉన్నాయి. నెలలు పడుతుంది, అంతే."

"అయితే అవేవో నాకూ చూపించు. దేనికోసం ఇంత వణికానో చూడొద్దూ?"

నేను అనువదిస్తే బాస్ నవ్వి, మమ్మల్ని మైక్రోస్కోప్ గదిలోకి తీసుకెళ్లింది. తెరమీద ఒక కణంలో క్రోమోజోములు మెరుస్తూ నడుమ వరస కట్టి ఉన్నాయి.

"అలా ఆగిపోయిందేంటి?"

"ఓ మూల ఒకటి ఇంకా వరసలోకి రాలేదు చూడండి. అది వచ్చేదాకా మిగతావి కదలవు."

కాసేపటికి అదీ వచ్చి చేరింది. వరస చీలి రెండు పక్కలకీ జరిగిపోయింది.

"అబ్బ! వెళ్లిపోయాయే! మరి తల్లేదీ?"

"తల్లంటూ మిగలదత్తయ్యా. ఇవి రెండూ కూతుళ్లు. ఇంగ్లీషులోనూ డాటర్ సెల్స్ అనే అంటారు."

"రెండూ ఆడపిల్లలే!" అని నవ్వి, కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఇంకోటి చూద్దాం ఉండు."

కింది అరల్లోవి దెబ్బతినలేదని తర్వాత పరీక్షల్లో తేలింది. పోయినవాటిని వసంతం ముగిసేలోగా మళ్లీ పోగుచేశాను. శనివారాల్లో అత్తయ్య పులిహోర డబ్బాతో నా వెంట వచ్చేవారు. ఇంగ్లీషు రాని ఆమె, తెలుగు రాని మా బాస్ తెర ముందు పక్కపక్కన కూర్చుని, ఏ కణం ముందు విడిపోతుందో ఒకరికొకరు వేలితో చూపించుకునేవారు. పక్క గదిలో నేను ట్యూబులు నింపుకుంటూ వాళ్ల నవ్వులు వినేదాన్ని.