చినుకు పడితే ఆగని లింగస్వామి

లింగస్వామికి ఉన్నది ఒక్కటే జబ్బు. చినుకు పడితే విత్తనం పెట్టకుండా ఆగలేడు. మిరుగం, అంటే మృగశిర కార్తె దాకా ఓపిక పట్టాలని నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన మాత్రం రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, దారితప్పిన మబ్బు నాలుగు చుక్కలు రాల్చిందంటే చాలు, పత్తి గింజలు చంకన పెట్టుకుని చేనుకు ఉరికేవాడు. ఒకసారి పెళ్లి బంతిలో పప్పు కలుపుకుంటుండగా జల్లు పడితే చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయాడు. నీళ్ల ట్యాంకరు కారిన చోట కూడా వంగి మట్టి పిసికి చూశాడని ఊళ్లో ఒట్టేసి చెబుతారు.

విజేందర్ ఆ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారి. వ్యవసాయంలో డిగ్రీ, మెడలో గుర్తింపు కార్డు, ఫోన్లో వాతావరణ సూచన, అన్నీ ఉన్నాయి, మాట వినే రైతు తప్ప. వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక పెడితే బదులుగా దండం బొమ్మలు వచ్చేవి. ఆ దండాలు పెట్టినవాళ్లే మర్నాడు విత్తనాల సంచులతో బయలుదేరేవాళ్లు. మొదటి ఏడాది పాపం ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడు.

"లింగన్నా, ఒట్టి ఎండైతే మొక్క తట్టుకుంటది. ఒట్టి నీళ్ల ఎద్దడైనా కొన్ని దినాలు ఓర్చుకుంటది. రెండూ ఒక్కసారే మీద పడితేనే మొలక మాడిపోతది," అని ఒకసారి నచ్చజెప్పబోయాడు.

"అత్త, ఆడబిడ్డ కలిసి తిట్టినట్టు. ఒక్కొక్కరైతే కోడలు ఎట్లనో ఎల్లదీస్తది."

"అంతే! మరి తెలిసీ ఎందుకు పెడ్తవే?"

"ఏం జెయ్యాలె సారు, చినుకు పడ్డంక నా చేతులు నా మాట ఇనయి. నా అసుంటి తిక్కలోడు జిల్లాల ఇంకొకడు ఉండడు."

ఈసారి రోహిణిలో ఒక సాయంత్రం గట్టి జల్లే పడింది. మర్నాడు పొద్దున్నే ఈదమ్మ విత్తనాల సంచి నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. ఆమెది రెండెకరాల మెట్ట చెలక. సంచిలో నాలుగు ప్యాకెట్లు. అవి మాడితే మళ్లీ పెట్టడానికి గింజ లేదు, ఆ ఏటికి పంట లేనట్టే. విజేందర్ బండి అడ్డం పెట్టాడు.

"అవ్వా, వద్దు. వారం దినాలు నలభై నాలుగు డిగ్రీల ఎండ గొడ్తది. వాన జాడ లేదు. ఇగో, ఫోన్ల చూడు."

"ఫోన్ల ఎండున్నదేమో బిడ్డా, నా చెలకల పదునున్నది."

ఆయన గొంతు పెంచాడు. ఆమె నడక పెంచింది.

రోడ్డు పక్క చేనులో వంగి గింజలు పెడుతున్న లింగస్వామి తల ఎత్తాడు. "అక్కా, నాది మొలిచినంకనే పెట్టు. నాది మొలిచిందంటే రాయి మీద పెట్టినా మొలుస్తది."

ఈదమ్మ ఫక్కున నవ్వి, "గది నిజమే," అని సంచి దించింది.

ఆరో రోజుకు లింగస్వామి మొలకలు తలలు వాల్చి మాడిపోయాయి. ఊరంతా రోడ్డు మీది నుంచే చూసి నవ్వింది, ఎవరూ సంచి మూతి విప్పలేదు. విజేందర్ మాత్రం నాలుగు తిట్టాలని చేనులోకి దిగాడు. అన్నేళ్లలో ఆయన బండి దిగి ఆ చేనులో కాలు పెట్టడం అదే మొదటిసారి. చూస్తే రోడ్డు వెంట రెండు సాళ్లలోనే మొలకలున్నాయి. వెనక నాలుగెకరాల్లో ఎక్కడ గీరి చూసినా ఒక్క గింజ లేదు.

"మిగతాదేదే?"

"మిరుగంల పెడ్త." లింగస్వామి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏండ్ల సంది రెండు సాళ్లే సారు. మావోళ్లు చెప్తే ఇనరు, ఎండింది కండ్లవడితే ఇంటరు. ఈదమ్మక్క ఒకపాలి గిట్లనే ఎండల పెట్టి ఏడాదంత కూలికి వోయింది. నాకు తెలివున్నదని ఎవ్వలకు చెప్పకుండ్రి. మల్ల నన్ను నమ్మరు."

విజేందర్ తన ఫోను వంక చూసుకున్నాడు. నాలుగేళ్ల చదువు, మూడు వందల దండం బొమ్మలు. ఊరిని కాపాడింది మాత్రం రెండు సాళ్లు. ఆయనకు సిగ్గేసింది, ఆ సిగ్గుతో పాటే లింగస్వామి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టింది.

మిరుగంలో మంచి వాన పడి ఈదమ్మ పత్తి చెలకంతా మొలిచింది. ఆమె పనిగట్టుకుని వచ్చి, "తమ్మీ, ఇగనన్న జర తెలివి తెచ్చుకో. నన్ను జూసి నేర్చుకో," అని లింగస్వామికి బుద్ధి చెప్పింది.

"అట్లనే అక్కా," అన్నాడు లింగస్వామి చేతులు కట్టుకుని.

ఆమె పక్కనే ఉన్న విజేందర్ వైపు తిరిగింది. "నువ్వు గూడ నేర్చుకో బిడ్డా."

"నేర్చుకుంటున్న అవ్వా," అన్నాడు విజేందర్, నిజంగానే.