వాగుకు అవతలి సగం

పోయినవి ముందు చెబుతాను. మ్యాపులోంచి ఏడు చేలు, మొత్తం పందొమ్మిది ఎకరాల పదకొండు గుంటలు. అందులో ఒక చేలో నడుమెత్తు పెరిగిన జొన్న. ఆ చేలున్న ఊరు వెళ్తే నా చేతికి అందే మంచినీళ్ల చెంబు.

భద్రాచలం వైపు అడవి అంచున పట్టాల కోసం, అడవి కొట్టి సాగు చేసుకుంటున్న పోడు భూములు కొలిచే పని అది. రైతులు ఫోను పట్టుకొని చేను చుట్టూ నడవాలి. నడిచిన దారి చుక్కలుగా సర్వరుకు చేరుతుంది. అన్ని చేలనూ ఒక్క సర్వరు మోయలేదని మండలానికొకటి పెట్టారు. ఒక్కోదానిలో ఉన్న వెబ్ సర్వీసు తన మండలం చుక్కలు అందుకొని, గీత కలిపి, విస్తీర్ణం పంపాలి. విస్తీర్ణం కట్టే ప్రోగ్రాం నాది. కాలేజీలో చదువుకోకుండా పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. ఏ చుక్క ఏ సర్వరుకు పోవాలో నిర్ణయించింది ఖానాపురం హవేలి అనే ఊళ్లో ఆఫీసు తెరిచిన ఇంజనీరు.

ఆ ఊళ్లో వాగే మండలాల హద్దు. కానీ వాగుకు రెండు పక్కలా ఉన్న నేలను వాళ్లు ఒకే చేనుగా దున్నుతారు. ఒకే చేనుగా నడిచారు. ఇవతలి చుక్కలు ఒక సర్వరుకు, అవతలివి మరోదానికి చేరాయి. గీత కలవలేదని రెండూ పక్కన పడేశాయి. మ్యాపులో ఆ ఏడు చేలు లేవు.

“హద్దు మీది చేనుకు రెండు సర్వర్లూ మాట్లాడుకోవద్దా?” అని ఇంజనీరును అడిగాను.

“సిస్టం మంచిగనే ఉందన్నా. నువ్వు గుంటలు చూసుకో, గదే నీ పని.”

గడువులోగా వాగుకు ఇవతల ఒక చేను, అవతల ఒక చేనుగా మళ్లీ నడవమన్నారు. ఆరుగురు నడిచి మ్యాపులోకి ఎక్కారు. ఏడో చేను ఒంటరిగా సాగు చేసుకునే ఒకామెది. ఆమె మళ్లీ నడిచేలోపే, చేను మ్యాపులో లేదని అడవి సిబ్బంది అవతలి సగంలో జొన్నను తొక్కించి కందకం తవ్వారు. ఇంజనీరూ నేనూ వెళ్లాం.

“రెండు చేలుగ నడిస్తే అయిపోయేది కదమ్మా,” అన్నాడతను.

“విత్తనం చల్లేటప్పుడు వాగును అడిగి చల్లుతమా? నీ ఇంట్ల వంటర్ర ఒక మండలం, పడకర్ర ఒక మండలమా?”

“ఇప్పుడన్నా నడువు.”

“ఏడ నడవాలె? కందకం దాటితే కేసు పెడ్తరంట.” తర్వాత నా వైపు తిరిగింది. “ఓ లెక్కల సారూ, నువ్వు జరుగు. నీ చెప్పులు నా మిరప నారు మీదున్నయి.”

ఆమె మొదటిసారి నడిచిన చుక్కలు రెండు సర్వర్లలోనూ ఉన్నాయి. రెండు సగాలూ నేనే కలిపాను. గీత చక్కగా మూసుకుంది. పంపితే, గడువు దాటిందని జవాబు వచ్చింది.

“ఒక్క చేను కోసం అంతా మళ్ల తెరవాల్నా?” అని ఇంజనీరు ఫోను పెట్టేశాడు.

ఆమె పేరు పక్కన ఈ రోజుకూ సున్నాయే ఉంది. ఆమెకు రావలసింది రెండు ఎకరాల ముప్పై ఒక్క గుంటలు.