పొయ్యి ఆరిన రోజు పెద్దమ్మ పచ్చిపులుసు

మొన్న మంగళవారం పొద్దున ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. కొండాపూర్‌లో ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు చెప్పింది. దవాఖానకు తీసుకెళ్లేంత సమయం కూడా ఇవ్వలేదట. వెంటనే ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఏడుపు రావాల్సింది పోయి, ఆమెతో గడిపిన ఒక రోజు కళ్ల ముందు పరుగులు పెట్టింది. ఆ రోజు సంగతి మీకు చెప్పాలనుంది.

నాది కర్నూలు వైపు పల్లె. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక పెద్దమ్మ ఇంటి మీది గదిలో దిగాను. కొండాపూర్ ఇంకా ఊరుగా ఉన్నప్పటి మనిషి ఆమె. జొన్న చేలున్న చోట అద్దాల మేడలు లేస్తుంటే చూసింది. నేను తినకుండా బయల్దేరితే మెట్ల మీదే కూర్చోబెట్టి పచ్చిపులుసు అన్నం పెట్టేది. చింతపండు, ఉల్లిగడ్డ, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, నువ్వుల పొడి, కాస్త కొత్తిమీర. అంతే. ఉల్లిగడ్డను మాత్రం తరిగి వదిలేయనిచ్చేది కాదు, ఉప్పేసి వేళ్లతో నలపాల్సిందే. చెయ్యి పడకపోతే అది పులుసు కాదు, పుల్లనీళ్లు అనేది.

తెలంగాణ కోసం బంద్‌లు జోరుగా సాగుతున్న రోజులవి. నాలాంటి వాళ్లం యాస బయటపడితే ఎవరేమంటారోనని బయట తక్కువ మాట్లాడేవాళ్లం. ఒకనాడు మా బస్తీవాళ్లు బండ్లు ఆపి, రోడ్డు మీదే వండుకుని తినాలని నిర్ణయించారు. వంటావార్పు అనేవాళ్లు దాన్ని. వంటకు పెద్ద మా పెద్దమ్మే. పొద్దున్నే పైకొచ్చి, ఉల్లిగడ్డలు కోయడానికి మనిషి తక్కువైందంది. నేను సీమదాన్ననీ, అక్కడ నాకేం పననీ వెనకాడాను. ఆమె నా చున్నీ కొస పట్టుకుంది.

"నా రాష్ట్రం నాకు రావాలె, నువ్వు నా ఇంట్ల ఉండాలె. రెండూ అడుగుత" అంది.

మెట్లు దిగాను.

నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, డప్పులు, పాటలు. అన్నం వార్చారు. పప్పుచారు కోసం పప్పు ఎసట్లో పడిందో లేదో, కుండపోతగా వాన. టార్పాలిన్ లాగి కట్టేలోపు పొయ్యిలు ఆరిపోయాయి, పప్పు పలుకుగానే ఉండిపోయింది. చూస్తే వంద మంది దాకా విస్తరాకులు పట్టుకుని ఉన్నారు. బంద్ కదా, కొని తెద్దామన్నా ఒక్క హోటల్ తెరిచి లేదు. అందరి మొహాలూ వాడిపోయాయి. పెద్దమ్మ మాత్రం నవ్వి, పచ్చిపులుసుకు పొయ్యి ఎందుకని అడిగింది.

ఇక చూడండి మా ఉరుకులు. చారు కోసం నానబెట్టిన చింతపండు బకెట్లో సిద్ధంగా ఉంది. మోచేతుల దాకా ముంచి పిసికాను. ఇద్దరు ఆడవాళ్లు ఉల్లిగడ్డలు నలిపారు. బూడిదలో మిగిలిన కాసిని నిప్పుల మీద గొడుగు పట్టి పచ్చిమిర్చి కాల్చాం. తీరా చూస్తే పెద్దమ్మ ఇంట్లో నువ్వుల పొడి గుప్పెడే ఉంది. నేను తడుస్తూ గదికి పరుగెత్తి, మా అమ్మ పంపిన వేరుశనగ పొడి డబ్బా తెచ్చాను. ఆ తొందరలో, బుడ్డల పొడి వేద్దామా అని మా ఊరి మాటే అనేశాను.

డప్పు కొడుతున్న ఒక నడివయసు మనిషి చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

"బుడ్డలంటె ఏంది? మీదేడ?"

పక్కన ఉన్నవాళ్లూ ఇటు తిరిగారు. పాలమూరు అని అబద్ధం చెప్పొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ పెద్దమ్మ ముందు ఆ మాట అనలేకపోయాను.

"కర్నూలన్నా" అన్నాను.

పెద్దమ్మ గరిటె నా చేతిలో పెట్టి, కళ్లతోనే పులుసు గంగాళం చూపించింది. డబ్బా మొత్తం వంపి కలిపాను. మొదటి గరిటె ఆ మనిషి దోసిట్లోనే పోశాను. తాగాడు. కాసేపు నాలుక చప్పరించాడు.

"ఉప్పు తక్కువైంది, అక్కా" అన్నాడు.

నాకు ఆ వానలో గంతులేయాలనిపించింది. ఉప్పు వేసి కలిపేలోపే వరుస కట్టారు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. మెడలో ఐడీ కార్డులున్నవాళ్లూ, ఎదురు మేడల సెక్యూరిటీవాళ్లూ కూడా వచ్చి ఆకులు పట్టారు. ఆ పూట నేను గొంతు తగ్గించి మాట్లాడిన గుర్తే లేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. పెళ్లయి నిజాంపేటకు మారేదాకా నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆమె అడిగిన రెండూ ఆమెకు దక్కాయి.

మొన్న ఆ ఇంటి ముందు అందరితో పాటు నేనూ ఏడ్చాను. అయినా ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆమె నాకు వాన వెలిసిన ఆ రోడ్డు మీదే కనిపిస్తోంది. డివైడర్ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. తడిసిన కొంగు ఒక చేత్తో పిండుకుంటూ, గంగాళం అడుగున మిగిలిన పులుసు చెంబులో వంపుకుని తాగుతోంది. పెదవికి ఒక కొత్తిమీర ఆకు అంటుకుని ఉంది.