జలపాతం చదివిన టీచరమ్మ

తడిగుడ్డతో తుడిచిన పలకకు ఒక వాసన ఉంటుంది. వాన పడితే లేచే మట్టివాసన కాదది. చల్లని రాతివాసన, దానిలో కాస్త బలపం పొడి. ఒంగోలులో నేను ఎలక్ట్రానిక్స్ చెప్పే డిప్లొమా కాలేజీ ల్యాబులో ప్రతి బల్ల మీదా ఒక మార్కాపురం పలక పెట్టించాను. చేతిలో ఫోను ఉండగా పలక మీద రాయడమేమిటని కొత్తగా చేరిన పిల్లలు నవ్వుకుంటారు. నవ్వనీ. మొన్న ఒకమ్మాయి తన బల్ల మీది పలక తుడుస్తుంటే ఆ వాసన నా దాకా వచ్చింది. చెబుతున్న పాఠం అక్కడే ఆపేశాను. రాహేలు టీచర్ ఇంటి ముందుగది, కిటికీ కింద బల్ల, దాని మీద అరిగిన ఇత్తడి మీట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

రాహేలు టీచర్ దొనకొండ దగ్గరి ఒక పల్లెలో, కూలికి వెళ్ళే ఇంట్లో పుట్టారు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని మార్కాపురంలో మాకు సైన్సు టీచరయ్యారు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆమెకు ఇంకో లోకం ఉండేది. ప్రభుత్వ పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నారు. ఇంట్లోనే సొంత రేడియో పెట్టుకుని, ఎక్కడెక్కడో ఉన్న తనలాంటి వాళ్ళతో ముచ్చట్లాడేవారు. నోటితో కాదు, మోర్స్ కోడుతో. మీట నొక్కితే కూత వెళుతుంది. పొట్టి కూత, పొడుగు కూత కలిస్తే ఒక అక్షరం. వీధిలో వాళ్ళు "టీచరమ్మ టకటక మొదలుపెట్టింది" అనుకునేవాళ్ళు. ఆ టకటకతోనే ఆమె సిలోన్ దాకా స్నేహాలు చేశారు.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం దొరక్క నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న రోజులవి. ఒక పొద్దున ఆ వీధిలో వెళుతుంటే రాహేలు టీచర్ మిద్దె మీద ఎవరో మనిషి యాంటెనా తీగ విప్పుతున్నాడు. ఆమె కింద నిలబడి చూస్తున్నారు. ఏమైందని అడిగాను. ఆమెకు వినపడలేదు. దగ్గరికెళ్ళి గట్టిగా అడిగాను.

"చెవులు మూతపడినాయి రమా," అన్నారు. "మనుషులైతే అరిచి చెప్తారు. ఆకాశం అరవదు గదా. చెవిలో మిషన్ పెట్టుకుంటే అదే కుయ్యిమంటాంది గానీ ఆ సన్న కూత మాత్రం అందడంలా. ఉత్త తీగ ఎందుకు, ఎవురికన్నా ఇద్దామని."

ఆమె మామూలుగానే చెప్పారు. భర్త పోయాక, కొడుకులు లేని ఆ ఇంట్లో ఆమెకు మనుషులంటే ఆ కూతలే. అవి పోతే ఆమె ఊళ్ళో ఉండీ లేనట్టే. నాకు తొందర ఎక్కువ, ముందు నోరు కదులుతుంది. "వినపడకపోతే చూడొచ్చు టీచర్, తీగ విప్పొద్దనండి" అని అరిచేశాను. ఆ సంగతి నాకు కాలేజీలో ప్రాజెక్టు చేసినప్పటి నుంచి తెలుసు. పాత రేడియోలో తీగచుట్టలు, కెపాసిటర్లు చేసే పనిని ఇప్పుడు కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అరచేతిలో పట్టే ఒక రిసీవరు పెట్టె చాలు. అది గాలిలోని సిగ్నళ్ళన్నీ కంప్యూటర్లోకి పంపితే, తెర మీద ఒక్కో స్టేషనూ ఒక్కో గీతలా పైనుంచి కిందికి జారుతూ కనిపిస్తుంది. పొట్టి కూత చుక్కగా, పొడుగు కూత గీతగా పడుతుంది. దాన్ని వాటర్‌ఫాల్ అంటారు.

"జలపాతమా?" అన్నారు టీచర్. "తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం చూసే ఊరు. నువ్వు ఇంట్లో జలపాతం పెడ్తానంటావు." కానీ పైకి చూసి ఆ మనిషికి చేత్తో సైగ చేశారు, దిగిపొమ్మని.

పెట్టె తెప్పించాం. నా ల్యాప్‌టాప్ దాన్ని టీవీ చూసే పరికరమనుకుని తప్పుడు డ్రైవరు, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, ఎక్కించింది. తెర మీద ఒక్క గీత లేదు. నేను ఆవేశంగా డ్రైవరు మార్చి, సాఫ్ట్‌వేర్ మార్చి, కేబులు మార్చి, సిగ్నలును పెద్దది చేసే గెయిన్ పెంచి, అన్నీ ఒక్క ఊపులో చేసేశాను. గీతలు కదిలాయి. గర్వంగా ఆమె వైపు తిరిగాను.

"ఏది మారిస్తే పన్జేసింది?" అన్నారు.

"డ్రైవరో, కేబులో అయ్యుంటుంది టీచర్," అన్నాను.

"అయితే పన్జేయనట్టే. మళ్ళీ చెడగొట్టు."

హాస్యమనుకున్నాను. కాదు. అన్నీ వెనక్కి మార్పించారు. లోపలికెళ్ళి ఒక పలక, బలపం ముక్క తెచ్చి నా ముందు పెట్టారు. "ఏది తప్పనుకుంటున్నావో ముందు రాయి. అదొక్కటే మార్చు. కాకపోతే తుడువు. కాగితం మీద తప్పు మిగిలిపోతాది, పలక మీద మిగలదు. పలకలు పుట్టిన ఊరోళ్ళం, మనకేంది భయం?" నేను 'డ్రైవరు' అని రాశాను. అదొక్కటే మార్చాను. పెట్టె పలికింది. మిగతా మార్పులన్నీ నేను ఉత్తినే చేశానని అప్పుడు తెలిసింది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. తెర నిండా పక్కపక్కనే, సమానమైన దూరంలో, లావుపాటి నిలువు గీతలు. దువ్వెన పళ్ళలా ఉన్నాయి. వాటి మధ్య ఏ స్టేషనూ కంటికి ఆనదు. ఇంట గెలిచి రచ్చ గెలవాలని మేం ముందు సొంత ఇంటినే అనుమానించాం. 'మన ఇల్లు' అని రాసి మెయిన్ ఆపేశాం, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. గీతలు అలాగే ఉన్నాయి. తుడిచాను. 'వీధి' అని రాశాను గానీ వీధిని ఆపడమెలా? మర్నాడు మధ్యాహ్నం ఆ పని కరెంటు వాళ్ళే చేసిపెట్టారు. కరెంటు పోగానే వీధంతా ఉసూరుమంది, మా గదిలో మాత్రం దువ్వెన మాయమైంది. మేమిద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. కరెంటు పోయినందుకు సంతోషించిన వాళ్ళు ఆ ఎండల్లో మార్కాపురం మొత్తం మీద మేమే అయ్యుంటాం. కరెంటు రాగానే గీతలూ వచ్చాయి.

'మిద్దె మీది తీగ' అని ఈసారి ఆమె రాశారు. యాంటెనా పీకేశాను. అయినా గీతలున్నాయి. గాలిలోంచి రావడం లేదంటే మరి ఎక్కడ్నుంచి? నేను తల పట్టుకున్నాను. టీచర్ పలక తుడిచి, కిటికీ వైపు చూసి, 'భూమి తీగ' అని రాశారు, అంటే ఎర్తు.

మా ఊళ్ళో రెండు మూరలు తవ్వితే పలకరాయి తగులుతుంది. ఎర్తు గుంత ఎవరూ తవ్వరు. బోరుకు దింపిన ఇనుప కేసింగు పైపు చాలా లోతుకు పోతుంది కాబట్టి, ఇంటి ఎర్తు తీగ దానికి చుట్టేస్తారు. తమ బోరు లేనివాళ్ళు పక్కింటి బోరుకు చుట్టుకుంటారు. అంతకంటే మంచి ఎర్తు లేదని అందరి నమ్మకం, నాది కూడా. కొత్త పెట్టెకు కూడా కలిపిన టీచర్ రేడియో ఎర్తు తీగ కిటికీలోంచి పక్కింటి సుబ్బారెడ్డి మామ బోరు పైపుకు వెళ్ళింది. ఆయన మంచినీళ్ళ క్యాన్లు అమ్ముతాడు. నీళ్ళు శుద్ధి చేసే మిషన్ ఎర్తు కూడా ఆ పైపుకే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ తీగను మోచేతి కింద పెట్టుకునే మేం అన్నీ వెతికాం. రేడియో వెనక నుంచి ఆ తీగ విప్పాను. దువ్వెన మొత్తం రాలిపోయింది. ఆ మిషన్ చేసే రొదే పైపు మీదుగా తీగలోకి, తీగలోంచి తెర మీదికి వస్తోందన్నమాట. నల్లని తెర మీద సన్నగా, తెల్లగా, చుక్కా గీతా చుక్కా జారుతున్నాయి. టీచర్ వేలు దాని వెంటే కిందికి కదిలింది.

సాయంత్రానికి సుబ్బారెడ్డి మామ వచ్చాడు. మనసు నొచ్చుకున్నట్టున్నాడు. "ఏందక్కా, నా బోరు వైరు పీకేసినారంట. అంత లోతు ఎర్తు ఈ ఊళ్ళో యాడ దొరుకుతాది నీకు?"

నేను ఆ మాట పలక రెండోవైపు రాసి చూపించాను. టీచర్ చదివి నవ్వారు. "నీ బోరు బంగారం తమ్ముడూ. నీ మిషనే పగలంతా పాట పాడతాంది."

"నాకెప్పుడూ ఇనపళ్ళేదే," అన్నాడు మామ. అదీ రాశాను.

"నాకూ ఇనపళ్ళేదు," అన్నారు టీచర్. "కనపడింది."

మామకు ఏం అర్థమైందో గానీ, మర్నాడు తనే గడ్డపార తెచ్చి పెరట్లో అంట్లు తోమే చోట, కరివేపాకు చెట్టు కింద రాగి రేకు పాతిపెట్టాడు. ఎండాకాలంలో కూడా తడి ఆరని చోటు ఆ ఇంట్లో అదే. రేడియోకు అదే కొత్త ఎర్తు.

ఆదివారం టీచర్ ప్రార్థనా మందిరం నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా బల్ల ముందు కూర్చున్నారు. పంపడానికి ఆమె పాత పెట్టె, చూడటానికి కొత్త పెట్టె. పంపేటప్పుడు కొత్తది కాలిపోకుండా మధ్యలో తిప్పే స్విచ్ బిగించాను. ఆమె స్విచ్ తిప్పి, మీట మీద వేళ్ళు పెట్టి పిలిచారు. మళ్ళీ స్విచ్ తిప్పి చూశారు. ఏమీ లేదు. మళ్ళీ పిలిచారు. ఏమీ లేదు. ఇంతా చేసి ఎవరూ పలకకపోతే ఆమె మొహం ఎలా చూడాలి? మూడోసారి పిలిచాక తెర మధ్యలో సన్నగా చుక్కలు, గీతలు పడ్డాయి. ఆమె పెదవులు కదిపి చదువుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయారు.

"ఎవరు టీచర్? ఏమంటున్నారు?"

నా పెదవులు చూసి అర్థం చేసుకున్నారు. "మైసూరాయన, పాత స్నేహం. నేను పేరు పంపకముందే గుర్తుపట్టినాడు."

"ఎట్ల?"

"చెయ్యి," అన్నారు. మీట నొక్కే తీరు మనిషి మనిషికీ వేరట, గొంతులాగే. "ఇన్నాళ్ళు యాడికి పోయినావు, నువ్వు లేవనుకున్నామే అంటన్నాడు. చెవులు పోయినాయి, కళ్ళతో వింటున్నా అని చెప్తా, ఉండు." స్విచ్ తిప్పి పంపారు. జవాబు వచ్చింది. చదివి వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. "నిదానంగా పంపాలా అని అడుగుతున్నాడు." మీట చకచకా కదిలింది. "అక్కర్లా, ఎప్పుడూ పంపినట్టే పంపు అన్నా."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, మధ్యాహ్నం అన్నం పొద్దు దాటేదాకా ముచ్చట్లాడారు. లేచాక చూస్తే పలక మీద 'భూమి తీగ' అనే మాట ఇంకా ఉంది. ఫోటో తీసుకుంటానని ఫోను పైకెత్తాను. ఆమె తడిగుడ్డ తీసుకుని ఒక్క తుడుపు తుడిచేశారు. "దొరికింది గదా. దాన్నే దాచుకుంటే రేపటి తప్పు యాడ రాస్తావు?"

తర్వాత ఆమె దగ్గరే మోర్స్ నేర్చుకుని నేనూ లైసెన్సు తెచ్చుకున్నాను. ఉద్యోగం అడగడానికి వెళ్ళినచోట చెడిపోయిన సర్క్యూట్ బోర్డు ఇచ్చి బాగుచెయ్యమంటే, ఒక్కొక్కటే మార్చి బాగుచేసి చూపించాను. టీచర్ పోయేముందు వారం దాకా ఆ బల్ల దగ్గరే ఉన్నారు. ఆమె ఇత్తడి మీట ఇప్పుడు నా ఇంట్లో ఉంది. మైసూరాయన నన్నూ పలకరిస్తాడు. నా చేతిలో ఆమె చెయ్యి కాస్త కనిపిస్తుందంటాడు. ఆ మాట విన్న రోజు నాకు భోజనం అక్కర్లేదు.

మొన్న ల్యాబులో ఆ అమ్మాయి కూడా తప్పు పట్టుకుని, పలకను ఫోటో తీయబోయింది. నేనే తడిగుడ్డ అందించాను. చిన్నబుచ్చుకుంటూ తుడిచింది. అప్పుడే ఆ వాసన వచ్చింది, నేను పాఠం ఆపేసింది అప్పుడే.

"ఇప్పుడేం రాయాలి మేడమ్?" అంది.

"ఇంకో తప్పు," అన్నాను.