ఆళ్లగడ్డలో ఆగిన మెయిలు

తొమ్మిదో తరగతిలో మెదడుజ్వరం వచ్చి నాకు రెండు చెవులూ పోయినాయి. మాట మిగిలింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి ఏమంటున్నారో పట్టుకోవడం మెల్లగా అలవాటైంది. నంద్యాలలో చిన్న డీటీపీ షాపు పెట్టుకున్నాను. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు చేసేవాణ్ని. వచ్చినవాళ్లు బల్ల మీద చరిచి "ఓ చెవిటోడా" అని పిలిచేవాళ్లు. నాకెట్లాగూ వినపడదని వాళ్ల ధీమా.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చినాక ఇంటర్నెట్లో నా పేరుతోనే ఒక అడ్రసు, డొమైన్ అంటారే, అది కొనుక్కున్నాను. నాకొచ్చే మెయిళ్లు అందుకునే మిషను, మెయిల్ సర్వరు కూడా షాపులోనే, బల్ల కింద పెట్టుకున్నాను. ఫోను నాకు పనికిరాదు. మెయిల్లో మాత్రం నేను అందరిలాంటి మనిషినే. అందుకే దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం ఇష్టం లేకపోయింది.

కరెంటు కోతలకు ఆ మిషను రోజూ ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఎవరి మెయిలు పోయిందోనని ప్రాణం కొట్టుకునేది. ఆళ్లగడ్డలో మా అన్నకు ఇంటర్నెట్ సెంటరు ఉంది, పెద్ద ఇన్వర్టరు ఉంది. రెండో సర్వరు అక్కడ పెట్టాలనుకున్నాను. నంద్యాల మిషను పలకకపోతే మెయిళ్లు ఆళ్లగడ్డకు పోయి ఆగుతాయి. కరెంటు రాగానే అది వాటిని నాకు అందిస్తుంది. పాత సీపీయూ ఒకటి ఒళ్లో పెట్టుకుని బస్సులో పోయినాను.

"ఏందిరా, నా షాపులో నీకు పోస్టాఫీసా? నీకు రాసేవాళ్లు గూడా ఉండారా?" అన్నాడు అన్న. కూర్చున్నవాళ్లు నవ్వినారు. నేనూ నవ్వినాను.

పక్కనే రాతి బొమ్మలు చెక్కే షెడ్డు. దుమ్ము పడకుండా వదిన మిషను మీద పాత చీర ముక్క కప్పింది. ఎప్పుడన్నా ఆగిపోతే మళ్లీ నడిపించాలని పాస్‌వర్డ్ అన్నకే చెప్పి వచ్చినాను.

కడపలో చెవిటి పిల్లలకు చదువు చెప్పే ఒకామె ఉండేది. ఆమెకూ వినపడదు. పిల్లల పుస్తకం టైపు చేయించుకోవడానికి నాకు రాసింది. పని అయిపోయినా రాస్తూనే ఉండింది. ఏడాది గడిచినాక, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగినాను. "ఇంట్లో మాట్లాడి రాస్తాను" అనింది.

ఆ వారమే మా వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. ఆళ్లగడ్డ ఉంది కదాని నేను దిగులుపడలేదు. కరెంటు వచ్చినాక మెయిళ్లు వరసగా దిగినాయి. ఆమెది లేదు. ఇంట్లో ఒప్పుకోలేదేమో, ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకుందేమో అనుకున్నాను. మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టడం బాగుండదనిపించింది.

కొన్ని నెలలకు అన్న కూతురికి చెవులు కుట్టిస్తే భోజనాలకు పోయినాను. అన్న ఎదురు పంక్తిలో కూర్చుని బావమరిదితో మాట్లాడుతున్నాడు. నేను తిండి మీద ఉన్నాననుకున్నాడు.

"కడప పిల్ల ఒప్పుకుంటాననే రాసిందప్పా. మావానికి చేరకముందే మిషన్లోంచి నేనే తీసేసినా. ఇంటికి ఒక చెవిటోడు చాలడా?"

సంగటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏందన్నా నువ్వు చెప్తాండేది?" అన్నాను. నా గొంతు ఎంత పైకి లేచిందో నాకు తెలియదు. పంక్తంతా నా వైపు తిరిగింది.

అన్న తడబడలేదు. నాకు బాగా కనపడాలని మాట మాటా విడదీసి చెప్పినాడు.

"మీ ఇద్దరికీ పుట్టినోడు ఏడిస్తే ఎవురికి ఇనపడుతుందిరా?"

ఎవరో నవ్వినారు. వదిన నా ఆకులో ఇంకో గరిటె కూర వేసి, తినమన్నట్టు చెయ్యి ఊపింది.

లేచి సెంటరుకు పోయి, వైర్లు పీకి, మిషనుతో బస్సెక్కినాను. షాపు తెరిచి ఆమెకు జరిగిందంతా రాసినాను. మరుసటి రోజు జవాబు వచ్చింది.

"నా మెయిలు తిరిగి రాలేదు, అందిందనే అనుకున్నాను. చదివి ఊరుకున్నారంటే నన్ను వద్దనుకున్నట్టే కదా. పోయిన నెల నాకు పెళ్లయింది. ఇంక రాయొద్దు."

నేను భయపడినట్టు కరెంటు పోతే మెయిళ్లు పోవని తర్వాత తెలిసింది. రెండో సర్వరే లేకుంటే ఆ మెయిలు ఆమె వైపు సర్వరులోనే కాచుకుని, కరెంటు రాగానే నేరుగా నాకు చేరేది. ఆళ్లగడ్డ మిషను "అందింది" అని జవాబివ్వబట్టి అది అన్న చేతిలో పడింది.

అన్నతో మాట మానేసినాను. ఆ సంగతి ఆయనకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. అంతకుముందు కూడా ఆయన నాతో పెద్దగా మాట్లాడింది లేదు.