ఐదో ముద్ర

ఫిఫీనా సైకిలుకు ఒక జబ్బుందని బాస్తియా సైకిలు క్లబ్బులో అందరూ అంటారు. గేటుకు తగిలించిన ఉత్తరాల పెట్టె కనబడిందంటే చాలు, ఎంత దిగుడులో ఉన్నా ఠక్కున ఆగిపోతుందట. జబ్బు సైకిలుది కాదని వాళ్ళకీ తెలుసు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు పోస్టు వ్యాను నడిపిన చేతులవి. కోర్సికా దీవి ఉత్తరాన వేలులా సముద్రంలోకి పొడుచుకొచ్చిన కాప్‌లో, పీనో నుంచి నోన్సా దాకా పడమటి గట్టంతా ఆవిడదే. ఒక పక్క కొండ, మరో పక్క నిలువునా సముద్రంలోకి తెగిపడ్డ బండలు, మధ్యన మెలికలు తిరిగే రోడ్డు, ఆ రోడ్డు పొడుగునా ముప్ఫై ఎనిమిది పెట్టెలు. పెట్టె పెట్టె వెనకా ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక కాఫీ. కాప్‌లో గుమ్మం బయటికొచ్చి కాఫీ ఇస్తే వద్దనకూడదు. వద్దన్నారా, ఆ ఇంటితో మాటలు బందు, మీ పిల్లల కాలం దాకా.

ఆవిడ రిటైరైన రోజున ఆ ముప్ఫై ఎనిమిది ఇళ్ళవాళ్ళూ కలిసి ఈ సైకిలు కొనిచ్చారు. ఎర్రటి సైకిలు, వెనక రెండు సంచులు, కొండ ఎక్కడానికి చిన్న చిన్న గేర్లు. కనారి మలుపు దగ్గరుండే లిల్లా పెద్దమ్మ అందరి తరఫునా దాన్ని అప్పగించింది.

"ఇన్నాళ్ళూ జీతమిచ్చి పంపితే వచ్చావు. ఇప్పుడు ఊరికే వస్తావో రావో చూస్తాం" అన్నది పెద్దమ్మ.

ఎందుకు రాదు! అరవై ఏళ్ళ వయసులో తొక్కడం మొదలుపెట్టి, ఆరు నెలల్లో క్లబ్బులో చేరి, ఆదివారం ఆదివారం మగాళ్ళ వెనకాల కొండలెక్కింది. వేడి తట్టుకునేది, ఎదురుగాలి తట్టుకునేది. దిగుడులో నోరారా పాడేది. తట్టుకోలేనిదల్లా ఒక్కటే, మే నెలలో క్లబ్బు జరిపే కాప్ చుట్టు సవారీ.

బాస్తియా రేవులో పొద్దున ఆరింటికి బయల్దేరి, తూర్పు గట్టు వెంట పైకెళ్ళి, సేర్రా కనుమ దాటి పడమటి గట్టు మీదుగా దిగి, చివర తెగీమ్ కనుమ ఎక్కాలి. నూట ఇరవై కిలోమీటర్లు. చేతిలో ఒక అట్ట కార్డు, దాని మీద ఐదు ఖాళీ గళ్ళు. మచినాజ్జో, పీనో, నోన్సా, పత్రిమోనియో, తెగీమ్, ఐదు చోట్లా ముద్ర వేయించుకోవాలి. తెగీమ్‌లో ముద్ర వేసే బల్లను సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. నాలుగేళ్ళుగా ఫిఫీనా కార్డులో ఐదో గడి ఖాళీ. ఎందుకంటే పీనో నుంచి నోన్సా దాకా ముప్ఫై కిలోమీటర్ల లోపు దారికి ఆవిడకు ఆరు గంటలు పట్టేది. ఒక ఏడు బరెత్తాలిలో ఎవరింట్లోనో పసిబిడ్డకు బాప్తిస్మం. ఇంకో ఏడు మేక ఈనుతుంటే పట్టుకోవాల్సి వచ్చింది. మిగతా రెండేళ్ళు ఏమీ లేదు, ఉత్త కాఫీలు.

క్లబ్బు పెద్ద, తెగీమ్ బల్ల దగ్గర కూర్చునే దుమే ఆవిడకు పినతల్లి కొడుకు, వయసులో ఆరేళ్ళు చిన్న. నోటికి మాత్రం హద్దు లేదు.

"అక్కా, ఈసారి ఆ కార్డు మీద కాఫీ మరకలే ముద్రలని రాసుకుందామా?"

"నీ బల్ల కాళ్ళు విరగ్గొడతాను, ఆరింటికి ఎలా మూస్తావో చూస్తాను" అనేది ఫిఫీనా.

ఈ ఏడు మాత్రం ఆవిడ నవ్వలేదు. మార్చిలో మోకాలు చూసిన డాక్టరు జూన్‌లో ఆపరేషన్ అన్నాడు. ఆ తర్వాత సైకిలు తొక్కవచ్చు గానీ చదును నేల మీదేనట. "కోర్సికాలో చదును నేల ఎక్కడుందో మీరే చూపించండి డాక్టరుగారూ" అని ఎగిరిపడింది ఆవిడ. ఇంటికొచ్చాక నాలుగు కార్డులూ తీసి వంటింటి బల్ల మీద వరసగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇక మిగిలింది ఈ మే నెల ఒక్కటే. ఐదో ముద్ర ఇప్పుడు పడకపోతే ఇక పడదు.

అందుకని ముప్ఫై ఎనిమిది పోస్టుకార్డులు కొనుక్కొచ్చి రాసింది. "ఆదివారం మీ ఇంటి ముందు నుంచి పోతాను, ఆగను. కోపం తెచ్చుకోవద్దు. మీరు గుమ్మంలో నిలబడితే నా చేతులు నా మాట వినవు, కాబట్టి దయచేసి నిలబడొద్దు. సోమవారం వచ్చి రెండేసి కాఫీలు తాగుతాను. మీ ఫిఫీనా." ఆ కార్డులు పంచిన కొత్త పోస్టుమాన్ పేత్రు, "ఏంటండీ ఈ ఘోరం! మీ కార్డు చదివి ఒకావిడ కళ్ళొత్తుకుంది, ఇంకొకాయన తలుపు నా మొహాన వేశాడు" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆవిడ మనసు చివుక్కుమంది. అయినా వెనక్కి తగ్గలేదు.

ఆదివారం వాతావరణం చెప్పినట్టు విన్నది. తూర్పు గట్టున సముద్రం గిన్నెలో పాలలా కదలకుండా ఉంది. మచినాజ్జోలో తొమ్మిదింటికి ముద్ర. సేర్రా కనుమ మీద పొదల వాసన, ఎండకు వేడెక్కిన రాయి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. అవతల పక్క ఒక్కసారిగా పడమటి సముద్రం కనబడగానే, "నా తల్లీ, నా బంగారూ!" అని గట్టిగా అరిచింది. ముందు పోతున్న కుర్రాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. పన్నెండు కాకముందే పీనోలో రెండో ముద్ర. ఇక్కడి నుంచే అసలు గండం.

మొదటి గేటు వచ్చింది. ఎవరూ లేరు. తలుపులు బిగించి ఉన్నాయి. రెండో గేటు, మూడో గేటు, అంతే. బరెత్తాలిలో ఎప్పుడూ చక్రం వెంటపడే నల్లకుక్క కూడా లేదు. మొదట ఆవిడ సంతోషించింది. "మాట విన్నారు, మంచి మనుషులు" అనుకుంది. పదో గేటు దాటాక ఒళ్ళు మండింది. వద్దంటే మాత్రం, కిటికీలోంచి ఒక చెయ్యి ఊపితే ఏం పోయింది? పదిహేనో గేటు దగ్గర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఆ దారి అంత ఖాళీగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. గాలీ సముద్రమూ తప్ప చప్పుడు లేదు. కార్డులో అంత కటువుగా రాయకుండా ఉండాల్సింది, రాసిన చెయ్యి విరిగిపోను అని తనను తానే తిట్టుకుంటూ తొక్కింది.

కనారి మలుపు వచ్చింది. లిల్లా పెద్దమ్మ ఇల్లు అక్కడే. తొంభై ఒక్క ఏళ్ళ పెద్దమ్మ. వానొచ్చినా ఎండొచ్చినా ఆవిడ కుర్చీ అంజూరు చెట్టు కింద ఉంటుంది, ఆవిడ లోపలికి పోయినా కుర్చీ బయటే ఉంటుంది. ఇవాళ కుర్చీ లేదు.

ఫిఫీనా ఆగింది. చేతులు కాదు, ఈసారి మనిషే ఆగింది. సైకిలును గోడకు చేరవేసి తలుపు కొట్టింది. "పెద్దమ్మా! లిల్లా పెద్దమ్మా!" పలుకు లేదు. కిటికీకి మొహం ఆనించి చూసింది. పొయ్యి ఆరి ఉంది, మంచం సర్ది ఉంది. ఇంటి వెనకాల కోళ్ళ గూటి దాకా, అక్కడి నుంచి దిగువ మడి దాకా, కీచుమంటున్న మోకాలితో దిగి ఎక్కింది. పక్కింటివాళ్ళను అడుగుదామంటే పక్కింట్లో ఎవరూ లేరు. పెద్దమ్మను బాస్తియా ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటారు, అందుకే ఊరంతా తలుపులు మూసుకుని వెళ్ళింది, తనకు చెప్పకపోవడానికి కారణం ఆ దిక్కుమాలిన కార్డే. అలా అనుకుని మెట్టు మీద కూలబడి ఏడ్చింది. లేచేసరికి నలభై నిమిషాలు పోయాయి.

ఫోన్ ఇంట్లోనే వదిలేసి వచ్చింది, ఇక బాస్తియా సంగతులన్నీ తెలిసే దుమేను అడిగితే గానీ విషయం తేలదు. దుమే ఉన్నది తెగీమ్ పైన. ముద్ర కోసమో పెద్దమ్మ కోసమో ఆవిడకే తెలియకుండా పెడలు మీద కాలు వేసింది. నోన్సాలో ముద్ర వేసిన కుర్రాణ్ణి అడిగితే తనకేమీ తెలియదన్నాడు, అక్కడ నీళ్ళు తాగడానికైనా నిలవలేదు. పత్రిమోనియోలో నాలుగో ముద్ర పడేసరికి ఐదు కావడానికి పదిహేను నిమిషాలుంది. పైన ఇంకా తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు. మోకాలు ఒక్కో తొక్కుడుకూ సూదిలా గుచ్చుతోంది. "నీకు జూన్‌లో సెలవిస్తా గదే, ఇవాళ్టికి పని చెయ్యి" అని దాన్ని బతిమాలింది, తిట్టింది, కాసేపు దానికి పాట కూడా పాడింది.

ఆరుకు ఎనిమిది నిమిషాలుందనగా చివరి మలుపు తిరిగింది. తిరిగి, నోరు వెళ్ళబెట్టింది.

రోడ్డు పక్కన ఒక బస్సు. బస్సు ముందు బరెత్తాలి, కనారి, నోన్సా, మొత్తం పడమటి గట్టు. చేతుల్లో ఫ్లాస్కులు, కప్పులు, గుడ్డ కప్పిన జున్ను పళ్ళేలు. నల్లకుక్క కూడా వచ్చింది. అందరికంటే ముందు, రోడ్డంచున కుర్చీ వేసుకుని, ఒళ్ళో కాఫీ కెటిల్ పెట్టుకుని లిల్లా పెద్దమ్మ.

ఫిఫీనా చేతులు బ్రేకులు నొక్కేశాయి.

"పెద్దమ్మా! బతికే ఉన్నారా?"

"చచ్చిపోతే ఇక్కడిదాకా ఎలా వస్తానే? ఇంత ఆలస్యమేంటి?"

"మీ ఇంటి దగ్గర ఆగాను. కుర్చీ కనబడలేదు."

"ఆగావా? ఆగనని కార్డు రాసి మరీ ఆగావా? కుర్చీ నేను తెచ్చుకున్నాను. లేకపోతే ఈ రాళ్ళ మీద కూర్చోమంటావా ఈ వయసులో?"

"ఎంత భయపడ్డానో తెలుసా మీకు!" ఫిఫీనా కళ్ళు తుడుచుకుని, అలవాటుగా చెయ్యి చాపింది. "ఒక్క గుక్క ఇవ్వండి, గొంతు ఎండిపోయింది."

పెద్దమ్మ కెటిల్‌ను వెనక్కి దాచుకుంది. "ఇవ్వను."

అందరూ పెద్దమ్మ కేసి తిరిగారు. కాప్‌లో పుట్టి, తొంభై ఒక్క ఏళ్ళు బతికి, గుమ్మంలోకొచ్చిన మనిషికి కాఫీ లేదన్నవాళ్ళను అక్కడెవరూ చూసి ఉండరు.

"ముందు ఆ ముద్ర వేయించుకునిరా. అదుగో బల్ల. ఆ దుమే గాడు గడియారం చూస్తున్నాడు. పో! పోవే!"

"పో! పో!" అని ముప్ఫై ఎనిమిది ఇళ్ళూ ఒక్కసారి అరిచాయి. పేత్రు వెనక నుంచి సీటు పట్టుకుని నెట్టబోతే, "చెయ్యి తియ్! నేనే తొక్కుతా" అని ఫిఫీనా కసిరింది. రెండు వందల మీటర్లు. జనం పక్కన పరిగెడుతున్నారు, కప్పుల్లోని కాఫీ రోడ్డంతా ఒలుకుతోంది. ఆవిడ సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కింది. అరవై నాలుగేళ్ళ మోకాలు, జూన్ దాకా గడువున్న మోకాలు, మాట విన్నది.

బల్ల దగ్గర దుమే గడియారం కేసి చూశాడు, ఆవిడ కేసి చూశాడు. ఆరుకు రెండు నిమిషాలు. కార్డు తీసుకుని, ముద్రను సిరా గుడ్డ మీద ఒకటికి రెండుసార్లు అద్ది, ఐదో గడిలో గట్టిగా నొక్కాడు.

"అయిందక్కా" అన్నాడు. "పద, బాస్తియా దాకా ఇక దిగుడే. క్లబ్బు వాళ్ళందరం నీకోసమే ఆగాం. చీకటి పడకముందే చేరిపోదాం."

ఫిఫీనా సిరా ఆరని కార్డును ఊదుకుంటూ సైకిలును వెనక్కి తిప్పింది.

"మీరు పొండిరా" అంది. "నాకింకా ముప్ఫై ఎనిమిది కాఫీలున్నాయి."