మూడో చుక్క

రాసుకో బిడ్డా. సిరిసిల్లల లేజర్ మిషిన్‌తోని బట్ట కోసేటాయన ఒకడుండె. ముందుగాల పీలిక మీద ఒక్క చుక్క కాల్చి, వెలుగుకు పట్టి చూసినంకనే పని మొదలుపెడుతుండె.

మీ తాత పోకముందు ఒకటే పోగుతోని రెండు చీరలు నేసిండు. ఒకటి నాకు, ఒకటి మీ చిన్నమ్మ పెండ్లికి. గా పెండ్లి చీర అంచుకు పూల బొమ్మలు కోయమని ఆయనకిచ్చిన. మాడితే మళ్ల నేసేటాయన లేడు.

"గిదే పోగుది పీలిక గావాలె అవ్వా" అన్నడు. నేను కట్టుకున్నది గా రెండో చీరనే, దాని కొంగు కొస కత్తిరించి ఇచ్చిన.

మొదటి చుక్క నడుమ మాడింది, చుట్టూత పచ్చిగున్నది.

"పెనం మీద రొట్టె తీరు అయింది గద కొడుకా!"

నవ్విండు. "సెగ అంతట ఒక్కతీరు పడాలె అవ్వా" అనుకుంట లోపటి అద్దం మార్చిండు. రెండోది జర నయం. మూడో చుక్క అంతట ఒక్కతీరు కాలినంకనే చీర ముట్టిండు.

ఒక్క పువ్వు మాడలే. పెండ్లిల అందరు గా అంచే చూసిండ్రు. నేను కొస లేని కొంగు నడుముల చెక్కుకొని తిరిగిన.